ఒర్రె గట్టున మిగిలిన తాటిచెట్టు

మాకు కల్లు పోసిన కాక చనిపోయాడు. ఆ కబురు నాకు నేరుగా అందలేదు. నేను గోదావరిఖని మార్కెట్టుకు కూరగాయలకు పోయినప్పుడు ఎవరో సైకిల్ మీద మా క్వార్టరుకు వచ్చి, "పంతులుకు చెప్పుండ్రి, కల్లు కాక పోయిండు, రేపు పొద్దుగాల ఎత్తుతరు" అని చెప్పి, దిగనైనా దిగకుండా వెళ్ళిపోయాడట.

నేను సంచితో గుమ్మం ముందుకు వచ్చేసరికి మా ఆవిడ అడ్డంగా నిలబడి ఉంది. కబురు చెప్పింది. ఆ వెంటనే, "స్నానం చెయ్యాల్నా, వద్దా? ఆయన మనకు ఏమైతడు?" అని అడిగింది.

మాది మంథని. తాత ముత్తాతలనాటి నుంచి గుడి సేవలో ఉన్న ఇల్లు. మా ఇళ్ళలో చావు కబురు వింటే మొదట వచ్చే ప్రశ్న అదే. ఏమవుతాడో తెలిస్తే మైల ఎన్నాళ్ళో, తలమీద నీళ్ళు పోసుకోవాలో వద్దో, ఏది తినాలో ఏది మానాలో అన్నీ వాటంతటవే తేలిపోతాయి. మా నాన్నకు ఆ పట్టికంతా నోటికి వచ్చేది. అందులో జ్ఞాతులున్నారు, మేనమామలున్నారు, వియ్యంకుని తోబుట్టువులు కూడా ఉన్నారు. తాటిచెట్టు ఎక్కి కల్లు దించి పోసినవాడు మాత్రం లేడు. వంకాయల సంచి అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాను. తర్వాత పెరటి నల్లా కిందికి పోయి చన్నీళ్ళు పోసుకున్నాను.

"మరి మైల ఎన్ని దినాలు?" అని మా ఆవిడ తలుపు వెనక నుంచి అడిగింది.

తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. పోయినవారి గురించి రాసేవాళ్ళకు సాధారణంగా ఆ మనిషి తమకేం చేశాడో, తాము ఆ మనిషికేం చేశామో తెలిసి ఉంటుంది. నాకు ఆ రెండూ కలగాపులగంగా ఉన్నాయి. చదివేవాళ్ళలో ఎవరైనా తేల్చి చెప్పగలిగితే వారికి రుణపడి ఉంటాను.

ఎనభైల మొదట్లో నాకు బొగ్గు బాయి సర్వే సెక్షన్లో చైన్‌మన్ ఉద్యోగం దొరికింది. సర్వేయర్ ముందు దుర్భిణీతో చూస్తుంటే వెనక గొలుసు లాగడం, చెప్పిన చోట పెగ్గు పాతడం, రంగు వేయడం నా పని. ఒకరోజు భూమి లోపల, ఒకరోజు ఎండలో, ఒకరోజు ఆఫీసులో నక్షాల ముందు. పొద్దంతా నీళ్ళు తాగడానికి తీరిక ఉండేది కాదు. రెండేళ్ళు తిరగకుండానే కిడ్నీలో రాయి చేరింది. అది కదిలిన రోజు నేను గొలుసు వదిలేసి నేలమీద పాములా మెలికలు తిరిగాను.

దవాఖానలో గోలీలిచ్చారు. మా సర్వేయర్ సాబు వాటిని చూసి పెదవి విరిచాడు. "అరె పంతులూ, గోలీలతోటి ఏమైతది? పొద్దుగాల చెట్టు కాడికి పోయి తాటి కల్లు తాగు. పత్థర్ పానీ హో జాతా, రాయి నీళ్ళయితది" అన్నాడు. ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. తను ముట్టడు, ముట్టినవాడి పక్కన కూర్చోడు. వైద్యం మాత్రం నిక్కచ్చిగా చెప్పాడు. కాలనీ మూలమీద కల్లు కాంపౌండు ఉండేది, అక్కడికి పోవద్దన్నాడు. పది చెట్లది ఒక్క తొట్టిలో పోస్తారు, ఇంకేం కలుపుతారో కలిపినవాడికే తెలుసు. చెట్టు కిందికి పోవాలి, దించినవాడి చేతి నుంచి తాగాలి, అప్పుడే మందు అన్నాడు.

అలా ఒక తెల్లవారుజామున సైకిలేసుకుని కాలనీకి రెండు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె శివారుకు పోయాను. అక్కడొక పొలం గెట్టు. దాని ఒక కొస చిన్న వాగు, ఒర్రె దగ్గర, ఇంకో కొస ఊరి దారి, తొవ్వ దగ్గర. గెట్టు పొడవునా పన్నెండు తాటిచెట్లు. తొవ్వ దగ్గరి చెట్టు కింద పసుపు పూసిన రాయి, అది కల్లు గీసేవాళ్ళ దేవుడు కాటమయ్య. నేను పోయేసరికి ఒర్రె పక్కన వంకరగా వంగిన చెట్టు మీద నుంచి ఒకాయన మోకు జార్చుకుంటూ దిగుతున్నాడు. అప్పటికి ఆయనకు యాభై దాటి ఉంటుంది. ఒంటిమీద చిన్న గోచి, నడుముకు కత్తుల పొది, చేతిలో నల్ల లొట్టి, కల్లు కుండ. నా జంధ్యం చొక్కా పైకి కనిపించిందో ఏమో, దిగీ దిగగానే నవ్వాడు.

"అయ్యగారూ, తొవ్వ తప్పిండ్రా?"

రాయి సంగతి చెప్పాను. ఆయన నా నడుము వైపు కాదు, బాయి బూట్లున్నాయా అని కాళ్ళ వైపు చూశాడు. "బాయిలకు దిగేది ఉన్నదా ఇయ్యాల?" అని అడిగాడు. లేదు, నక్షా పని అన్నాను. అప్పుడే కూర్చోమన్నాడు. ఈ ప్రశ్న ఆయన ఆఖరుదాకా మానలేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాళ్ళకు పోసేవాడు. మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళు ఎంత బతిమాలినా చుక్క పోసేవాడు కాదు. "కింద చీకట్ల ఉండేటోనికి తలకాయె దీపం. దాన్ని నేను ఆర్పుతనా?" అనేవాడు.

తాటాకును మడిచి దొన్నెలా చేసి నా చేతికిచ్చాడు. దాన్ని రేక అంటారు. రెండు చేతులతో పట్టుకుని నోటికి ఆనిస్తే, ఆయన పైనుంచి సన్నని ధారగా పోస్తాడు. రేక నిండింది. నాకు మా తాత గుర్తొచ్చాడు, గుడి గంట గుర్తొచ్చింది, ఊళ్ళో తెలిస్తే అమ్మ ముఖం ఎలా ఉంటుందో కూడా గుర్తొచ్చింది. అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"అయ్యగారూ, రేక పట్టుకోని ఆలోచన చెయ్యద్దు. కారిపోతది" అన్నాడు.

చూస్తే నిజంగానే మడత సందులోంచి కారి మణికట్టు తడుస్తోంది. గటగటా తాగేశాను. కొబ్బరినీళ్ళలో మజ్జిగ తేట కలిపినట్టుంది. ఇంత మంచి వస్తువును మావాళ్ళు తరతరాలుగా ఎందుకు వద్దన్నారో అర్థం కాలేదు.

మొదటి నెలంతా ఆయన రోజుకొక చెట్టుది పోసి నా ముఖం చూసేవాడు. బాగుందా అని అడిగేవాడు కాదు. "నాలుకకు మొగమాటం ఉంటది, అబద్ధం చెప్తది. కనుబొమ్మకు గా తెలివి లేదు" అనేవాడు. ఒక పొద్దున నా కనుబొమ్మలు ఏం చెప్పాయో గానీ, "ఇగ నీకు చెట్టు కుదిరింది" అన్నాడు. ఆ రోజు నుంచే మీరు పోయి నువ్వు వచ్చింది, అయ్యగారు పోయి పంతులు వచ్చాడు.

ఆయన దగ్గర నాలాంటి వాడుక మనుషులు పదిమంది దాకా ఉండేవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు. లారీ మెకానిక్కుది ఘాటుగా ఉండాలి, హాలేజీ డ్రైవరుకు తీపి పనికిరాదు. ఎవరి చెట్టు ఎవరికో ఆయన చూసి కుదర్చాల్సిందే, అడిగి తీసుకునేది కాదు. ఇది ఏ చెట్టుది కాకా అని అడగడం కూడా మర్యాద కాదు. వండి పెట్టినామెను ఈ బియ్యం ఏ మడివి అని అడుగుతామా?

కాబట్టి నేను అడగలేదు. అడగాల్సిన అవసరమూ కనిపించలేదు. ఎందుకంటే నేను సర్వే మనిషిని, కళ్ళతో చూసిందే నాకు లెక్క. నేను పోయిన ప్రతి పొద్దున కాక ఒర్రె పక్క వంకర చెట్టు మీద నుంచే దిగుతూ కనిపించేవాడు. చేతిలో లొట్టి ఉండేది. వచ్చి, గెట్టు నీడలో వరసగా పెట్టిన లొట్ల దగ్గర కూర్చుని, "నీ చెట్టుది తాగు పంతులు" అని పోసేవాడు. ఇంకేం కావాలి? వంకర చెట్టే నా చెట్టు అని తీర్మానించుకున్నాను. దాని కింద సైకిలు ఆనించేవాడిని. వచ్చినప్పుడల్లా దాని ఒళ్ళు తట్టేవాడిని. కాక అది చూసి ఏమనుకున్నాడో ఎన్నడూ అనలేదు. పంతుళ్ళు రాయినీ రప్పనూ కూడా తడుముతుంటారు కదా, అదీ అలాంటిదే అనుకున్నాడేమో.

రెండు నెలల్లో రాయి పడిపోయింది. నేను పోవడం మానలేదు. సీజన్ ఉన్నన్నాళ్ళూ, బాయిలోకి దిగని ప్రతి రోజూ పోయేవాడిని. "రాయి పోయింది గని పంతులు, రోగం పోలె" అని కాక అందరి ముందూ నవ్వేవాడు. ఇంటికి ఒక స్టీలు క్యానులో తెచ్చుకునేవాడిని. మా ఆవిడ దాన్ని వేరే మూలలో పెట్టించి, చివరిదాకా "మీ మందు" అనే పిలిచింది. రాయి పడిపోయిందని ఆమెకు తెలియదని నేను, నాకు సిగ్గుగా ఉంటుందని ఆమె, ఇద్దరం పదిహేనేళ్ళు నటించాం.

నా నాలుక మీద నాకు పొగరు కూడా పెరిగింది. ఒక ఆదివారం మెకానిక్కు నాతో పందెం వేశాడు. కళ్ళకు తువ్వాలు కట్టి మూడు రేకులు అందించారు. రెండోది నా చెట్టుది అన్నాను. మెకానిక్కు నా తువ్వాలు విప్పాడు. తర్వాత కాక, "అబ్బో, మంథని నాలుకరా నాయనా" అన్నాడు. ఆ ఒక్క మాట నేను ఏళ్ళ తరబడి మోశాను. ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, అప్పుడు నేను నిజంగానే సరిగ్గా చెప్పాను. ఆ సంగతి తర్వాతి గందరగోళంలో మరిచిపోవద్దని మనవి.

తొంభైలు వచ్చాక అటువైపు ఓపెన్‌కాస్ట్ పని మొదలైంది. తవ్విన మట్టి పోయడానికి స్థలం కావాలి. ఏ శివారు ఎంతవరకు పోతుందో గీత గీసేది మా సెక్షనే. ఆ గెట్టు ఉన్న ముక్క నక్షా మీద కనిపించినప్పుడు వేలు పెట్టి చెట్లు లెక్కపెట్టాను. పన్నెండు చెట్లూ లోపలికే వస్తున్నాయి. గెట్టు విల్లులా లోపలికి వంగి ఉంటుంది కాబట్టి నడుమ పది చెట్లు లోతుకు పోయాయి. రెండు కొసల చెట్లు మాత్రం హద్దుకు ఆనుకుని ఉన్నాయి. ఒర్రె పక్క వంకర చెట్టు రెండు గజాలు లోపల, తొవ్వ దగ్గరి కాటమయ్య చెట్టు ఇంచుమించు అంతే.

పెగ్గులు పాతే రోజు నేను సర్వేయర్ సాబు దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాను. రాయి ఎలా పడిపోయిందో ఆయనకు గుర్తుచేశాను. ఆయన చాలాసేపు దుర్భిణీ అద్దం తుడిచాడు.

"నక్షా మే ఏక్ మోడ్ చల్తా. దో మోడ్ నై. రెండు వంకలు పెడితె పైనోళ్ళు అడుగుతరు" అన్నాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకుని, "ఇధర్ కా, ఉధర్ కా? జల్ది చెప్పు. నా కండ్లల్ల దుమ్ము పడ్డది, నాకేం కనపడుత లేదు" అన్నాడు.

ఒక్క వంపు. ఒక్క చెట్టు. తొవ్వ దగ్గరి చెట్టు కింద దేవుడున్నాడు. కానీ రాయిని జరపవచ్చు, చెట్టును జరపలేం కదా అనుకున్నాను. గుడి సేవ ఇంట్లో పుట్టినవాడికి వచ్చిన ఆలోచన అది! ఒర్రె వైపు పోయి, వంకర చెట్టు బయట ఉండేలా పెగ్గును మూడు గజాలు లోపలికి పాతాను. ఉద్యోగంలో అది నేను చేసిన ఒకే ఒక్క తప్పు.

ఆ సాయంత్రమే కాక దగ్గరికి పరుగెత్తాను. చెట్లు పోతున్నాయని ఆయనకు అప్పటికే తెలుసు. గెట్టు మీద కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు.

"కాకా, అన్నీ పోతయి. ఒక్కటి ఆపిన. నా చెట్టు ఆపిన" అన్నాను.

ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. కత్తి కింద పెట్టి తొవ్వ దిక్కు చూశాడు. నేను చేయి పట్టుకుని ఒర్రె దిక్కు తీసుకుపోయి పెగ్గు చూపించాను. ఆయన పెగ్గును చూశాడు, వంకర చెట్టును చూశాడు, నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. సంతోషం ఎక్కువై మాట రావడం లేదనుకున్నాను.

"ఈ పెగ్గు మల్ల జరుపుతె ఏమైతది పంతులు?" అని అడిగాడు చివరికి.

"ఒక్కసారికే పాణం గడగడ వణికింది కాకా. సాబు రేపు పొద్దుగాల నక్షా పైకి పంపుతడు. మల్ల ముడితె నా నౌకరి పోతది" అన్నాను.

"పిల్లలెంతమంది నీకు?"

"ఇద్దరు."

ఆయన తల ఊపాడు. "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు. అంతవరకు నన్ను ఎన్నడూ బిడ్డా అని పిలవలేదు. ఆ రాత్రి నేను ఇంటికి పోయి, ఒక మనిషికి మేలు చేశానన్న తృప్తితో కడుపునిండా తిన్నాను.

రెండు రోజుల తర్వాత కాక కాటమయ్య రాయిని తవ్వి తీసి, కొత్త గుడ్డలో చుట్టి, ఒర్రె పక్కకు తెచ్చాడు. నిలబెట్టే పని నన్నే చేయమన్నాడు. నాకు వచ్చిన నాలుగు మంత్రాలు చదివాను. అవి కాటమయ్యకు పనికొస్తాయో లేదో ఇద్దరికీ తెలియదు. కాక చేతిలోని కల్లు కొంచెం నేలమీద వంచి దేవునికి సాక పోశాడు. తొవ్వ దగ్గరి చెట్టు మీద గొడ్డలి పడిన రోజు మాత్రం ఆయన అటు రాలేదు. ఒంట్లో బాగాలేదని చిన్నమ్మ చెప్పింది. చిన్నమ్మ అంటే ఆయన భార్య.

గీత కార్మికుల సంఘం వాళ్ళు ఒర్రె అవతల ఆయనకు వేరే చెట్లు పంచారు. వాటితోపాటు ఇవతల ఈ వంకర చెట్టు. కొత్త ఏర్పాటులో మొదటి పొద్దున నాకు రేక నింపి, ఎదురుగా గొంతుక్కూర్చుని నా కనుబొమ్మలు చూశాడు.

"ఎట్లున్నది?" అన్నాడు. నాకు గుర్తున్నంతవరకు ఆయన నోటితో అలా అడగడం అదే మొదటిసారి.

"అదే రుచి కాకా! నా చెట్టు నాకు తెల్వదా? కండ్లు మూసుకోని చెప్త" అన్నాను.

కాక నవ్వాడు. దగ్గు వచ్చేదాకా, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకో తెలియకపోయినా మంచి పొద్దు, మంచి కల్లు, నవ్వడానికి అవి చాలనిపించింది.

ఆ తర్వాత ఐదేళ్ళు అలాగే గడిచాయి. ఆయన మోకాళ్ళు పట్టేసేవి. వంగిన చెట్టు ఎక్కడం నిలువు చెట్టుకంటే కష్టం, మోకు పక్కకు జారుతుంది. ఒకసారి ఆయన పైకి పోతూ పోతూ సగంలో ఆగి, చెట్టుకు చెంప ఆనించి ఊపిరి తీసుకోవడం చూశాను. "ఎందుకు కాకా, ఇగ బందు పెట్టరాదు" అన్నాను. "నీ నాలుక ఏం చెయ్యాలె మరి?" అన్నాడు పైనుంచి. పోయిన ఏడాది మోకు కొడుక్కు అప్పగించాడు. కొడుకు దాన్ని గోడకు తగిలించాడు, ఆయనది బాయిలో నౌకరి. ఈ ఏడాది కాక పది రోజులు జ్వరంతో పడుకుని లేవలేదు.

ఎత్తే రోజు పోయాను, జనం వెనక నడిచాను. పదకొండో రోజున మళ్ళీ పోయాను. చిన్నమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళు తలా ఒక మాట చెబుతున్నారు. నేనూ చెప్పాను. "పన్నెండు చెట్లల్ల ఒక్కటన్న ఆపిన చిన్నమ్మా. నా చెట్టు ఆపుకున్న. కాక దాన్ని కడదాక కాపాడిండు" అన్నాను.

"ఏ చెట్టు?" అంది.

"గదే, ఒర్రె కాడి వంకర చెట్టు."

ఆమె కొడుకు వైపు చూసింది. కొడుకు నేల చూశాడు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని చాలా మామూలుగా, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

"గది నీది కాదు గద పంతులు. నీది తొవ్వ కాడిది. కాటమయ్య చెట్టు. మా మామ మొదాలు గీసిన చెట్టు గది. దాని కల్లు ఎవ్వలకు పొయ్యకపోతుండె, నీకే పోసిండు."

నాకు అర్థం కాలేదు. పొద్దున్నే నేను చూసేవాడిని కదా, వంకర చెట్టు మీది నుంచే దిగేవాడు కదా అన్నాను.

"తొవ్వ కాడ మొదాలు పెట్టి ఒర్రె కాడ ముగిచ్చెటోడు. నీ లొట్టి అన్నిట్లకంటె ముందు దించి నీడల పెడుతుండె. దాని కల్లు జర సేపు నిలవాలె, అప్పుడే రుచి అనెటోడు. నువ్వు వచ్చే యాళ్లకు ఆఖరుది దిగుతుండె. గా వంకర దాని కల్లు పుల్లటిది, ఎవ్వలు తాగకపోతుండిరి."

"మరి చెట్లు పోయినంక ఐదేండ్లు? నాకు అదే రుచి వచ్చింది చిన్నమ్మా!"

"రాకేం చేస్తది? దినాం కొత్త లొట్టి. దినానికి రెండు సార్లు ఎక్కేది మూడు మాట్ల ఎక్కుతుండె. ఒక్క ఘడియ ఎక్కువ ఉంటె పులుస్తదని చీకటితోని లేచి దించుకొస్తుండె. పులువకుండ లొట్టిల పూసే సున్నం ఇంతింత మార్చి సూసుకుంట, వేలు నాకి సూసుకుంట, పిచ్చోని లెక్క. గా పుల్లటి చెట్టును నీ చెట్టు జేస్తందుకు ఒక సీజనంత పట్టింది. ఎందుకయ్య గింత కష్టం, చెప్పరాదు అన్న. చెప్తె పంతులు ఊకోడు, పోయి పెగ్గు పీకుతడు, నౌకరి పోతది, ఇద్దరు పిల్లలున్నరు అన్నడు."

అరుగు మీద ఎవరో చిన్నగా నవ్వారు. అంటే ఊరందరికీ తెలుసు. నాకే తెలియదు. ఏడుపు వచ్చిందో కోపం వచ్చిందో చెప్పలేను. ఆ సాయంత్రం కత్తి పక్కన పెట్టి ఆయన తొవ్వ దిక్కు ఎందుకు చూశాడో, ముఖంలో ఆ వెలుగు ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. తండ్రి చెట్టు మిగిలిందనుకున్నాడు. మరుక్షణం నేను ఆయన చేయి పట్టుకుని ఒర్రె దిక్కు లాక్కుపోయాను.

"గా మూడు మాట్లు ఎక్కుడే కాకను తిన్నదా చిన్నమ్మా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఎక్కుడు బందైనంకనే మంచాల పడ్డడు" అంది. అది నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజంగా అంతే జరిగిందో తెలియదు.

అప్పటి నుంచి నా తలలో ఇవే తిరుగుతున్నాయి. నేను ఆయన తండ్రి చెట్టును కొట్టించానా, లేక ఒక చెట్టును కాపాడానా? చెట్లు పోయాక మొదటి పొద్దున ఆయన నవ్వింది నన్ను చూసా, తనను చూసుకునా? ఆ రోజు నా నాలుక ఎవ్వరూ తాగని పుల్లటి కల్లును తాగి అదే రుచి అంది. మంథని నాలుక! ఒక సీజను గడిచాక అది నిజంగానే అదే రుచి అయిందంటే, ఆ రుచి చెట్టుదా, ఆయన చేతిదా? చేతిదే అయితే మొదటి పదేళ్ళు కూడా నాకు చెట్టు లేనట్టేనా? సర్వేయర్ సాబుకు చెబితే, "అల్లా జానే పంతులూ. పత్థర్ తో గయా నా?" అన్నాడు. రాయి పోయిన మాట నిజమే. కాకకు నేను కృతజ్ఞుణ్ణి, ఇది మాత్రం గందరగోళం లేకుండా చెప్పగలను. ఆయన నా ఉద్యోగాన్ని, నా పిల్లల అన్నాన్ని, నా పొగరును కూడా కాపాడాడు. నేను అడగకుండానే, నాకు తెలియకుండానే.

ఆ రోజు అరుగు దిగబోతుంటే చిన్నమ్మ పిలిచింది. ఎవరో ఇంకో గీసేవాడు తెచ్చిన కల్లు రేకలో పోసి నా చేతికిచ్చింది. "కాటమయ్యను గాడ నిలబెట్టినోనివి నువ్వే. నీ చేతితోటి జర సాక పొయ్యి పంతులు, నా మొగని పేరు మీద" అంది.

రేక రెండు చేతులతో పట్టుకుని ఒర్రె పక్కకు నడిచాను. ఆమె వెనకాలే వచ్చింది. వంకర చెట్టు అలాగే ఉంది, కింద కాటమయ్య. కాక పోయిన ఏడాది కట్టిన ఆఖరి లొట్టి ఇంకా పైనే వేలాడుతోంది, దించేవాళ్ళు లేరు. ఎదురుగా మట్టి గుట్ట. నేను చైన్‌మన్‌ను కదా, గెట్టు లేకపోయినా దాని గీత నాకు కనిపిస్తుంది. ఇక్కడి నుంచి నూట ముప్పై గజాలు, కొంచెం ఎడమకు. తొవ్వ దగ్గరి చెట్టు మొదలు సరిగ్గా ఎక్కడ ఉండేదో వేలు పెట్టి చూపగలను. ఇప్పుడు అది ఆ గుట్ట అంచు కింద ఉంది.

రాయి ఇక్కడ. చెట్టు అక్కడ. ఆయన దేవుణ్ణి తెచ్చి పెట్టింది ఇక్కడ, ఆయన మనసు ఉన్నది ఎక్కడో నాకు తెలియదు. ఇక్కడ పోస్తే నా తప్పుకే మళ్ళీ మొక్కినట్టవుతుంది. అక్కడికి పోయి పోస్తే ఐదేళ్ళు ఆయన ఎక్కిన చెట్టును కాదన్నట్టవుతుంది.

"పొయ్యి పంతులు" అంది చిన్నమ్మ.

నేను గుట్ట వైపు చూశాను. చెట్టు వైపు చూశాను. మళ్ళీ గుట్ట వైపు చూశాను. మోచేతి దాకా చల్లగా తగిలితే కిందికి చూశాను. రేక ఖాళీగా ఉంది. నేను నిలబడిన చోట, నా రెండు పాదాల నడుమ, నేల తడిసి ఉంది.